తలుపు వెడల్పు చేస్తే గాలి పెరుగుతుందా?

నర్సీపట్నం నుంచి వచ్చిన ఉత్తరం ఇది. నాలుగు పేజీలు, చివర ఒక లెక్కల చీటీ. పేరు వేయొద్దన్నారు. ఎందుకు వద్దన్నారో చదివితే మీకే తెలుస్తుంది.

ఆయనకు 38 ఏళ్లు. ఉద్యోగం చింతపల్లి వైపు, కాపురం నర్సీపట్నంలో. వారానికి నాలుగు రోజులు లంబసింగి ఘాట్ మీదుగా వెళ్లి రావాలి. బండి 2012 మోడల్ మారుతి జిప్సీ. 2019లో, అంటే కంపెనీ దాని తయారీ ఆపేసిన ఏడాదే, సెకండ్ హ్యాండ్‌లో ముచ్చటపడి కొన్నారు. నెలకో ఆదివారం స్నేహితులతో వాగుల్లో, బురదలో తిప్పుతారు. 2023లో పాత 205/70 ఆర్15 టైర్లు తీసేసి 235/75 ఆర్15 మడ్ టైర్లు వేయించారు. ముందు ఇనప బంపరు, దానికో వించ్ (బురదలో కూరుకున్న బండిని తాడుతో లాగే యంత్రం), పైన క్యారియర్ కూడా పెట్టించారు. అప్పట్లో లీటరుకు పదకొండున్నర ఇచ్చిన బండి ఇప్పుడు ఎనిమిదిన్నర ఇస్తోంది. మీటరు ప్రకారం నెలకు 1,700 కిలోమీటర్లు, 200 లీటర్లు. లీటరు 110 లెక్కన పెట్రోలుకే 22 వేలు. పైగా ఇదివరకు థర్డ్‌లో ఎక్కిన మలుపులు ఇప్పుడు సెకండ్‌కి దించితే గానీ ఎక్కడం లేదు.

ఇంతవరకు బండి గోల. అసలు టెన్షన్ ఇంట్లో ఉంది. ఆయన బావమరిది డిప్లొమా చేసి, హైదరాబాద్‌లో నాలుగేళ్లు పనిచేసి, వాళ్లమ్మ గాజులు కుదువపెట్టి ఈమధ్యే గాజువాకలో సొంతంగా షెడ్డు పెట్టాడు. బావ బండి చూసి, "థ్రాటిల్ బాడీ మార్చేద్దాం బావా. బోరు పెంచి పెద్ద బటర్‌ఫ్లై వేస్తా, పెద్ద గాలి పైపు పెడతా, కంప్యూటర్ ట్యూనింగ్ చేస్తా. పికప్ ఇరవై శాతం, మైలేజీ పదిహేను శాతం పెరుగుతాయి. నువ్వు కాబట్టి 34 వేలకు చేస్తా, ఏడాదిలో పెట్రోలు మీదే తిరిగొచ్చేస్తుంది" అన్నాడు. థ్రాటిల్ బాడీ అంటే ఇంజన్‌లోకి పోయే గాలికి తలుపు లాంటిది. బోరు దాని గొట్టం వెడల్పు, బటర్‌ఫ్లై అందులో తెరుచుకునే పలక. ఈయన నసిగారు. దాంతో వాళ్లావిడ, "టైర్లకి, వించ్‌కి రాని లెక్కలు మా తమ్ముడి దగ్గరికొచ్చేసరికి వచ్చాయా?" అన్నారు. నాన్నగారేమో ఆ డొక్కు అమ్మేసి చిన్న కారు కొనుక్కోమంటున్నారు. మూడు వారాలుగా ఇంట్లో ముభావం. "థ్రాటిల్ బాడీ నిజంగా పనిచేస్తుందా? చేయకపోతే ఆ మాట ఎవరి మనసూ నొప్పించకుండా ఎలా చెప్పాలి?" ఇదీ ప్రశ్న.

మీరు రెండు ప్రశ్నలు అడిగారు గానీ, మీ లెక్కల చీటీ చూశాక నాకు ముందు మూడోది కనపడింది. మీ బండి నిజంగా ఎంత తాగుతోంది?

మీ పాత టైరు మొత్తం ఎత్తు 668 మిల్లీమీటర్లు. కొత్తది దాదాపు 734. అంటే చక్రం ఒక చుట్టు తిరిగితే బండి మునుపటికంటే నూటికి పది ఎక్కువ దూరం పోతుంది. మీటరుకి ఆ సంగతి తెలీదు. అది చుట్లు లెక్కపెట్టి పాత టైరు కొలతతోనే గుణిస్తుంది. ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని సరిగ్గా 50 కిలోమీటర్లు నడిపి చూడండి, మీటరు నలభై అయిదున్నర దగ్గర ఆగి ఉంటుంది. కాబట్టి మీ 1,700 నిజానికి 1,860 పైచిలుకు. దాన్ని 200 లీటర్లతో భాగిస్తే 9.3 వస్తుంది. ఎనిమిదిన్నర కాదు. రూపాయి ఖర్చు లేకుండా లీటరుకు 800 మీటర్లు దొరికాయి. నవ్వకండి, ఇలా దొరికిన మైలేజీనే కొత్త పార్టు ఖాతాలో వేసుకున్నవాళ్లు నాకు తెలుసు. స్పీడు విషయంలోనూ ఇంతే. ముల్లు 60 దగ్గర ఉంటే మీరు 66కి దగ్గరలో పోతున్నట్టు. ఘాట్ దిగేటప్పుడు గుర్తుంచుకోండి.

ఇక పెట్రోలు. దేశంలో ఇథనాల్ కలపడం 2022 జూన్ నాటికి పది శాతానికి చేరింది. 2025కల్లా ఇరవై అయింది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి, లీటరు పెట్రోలులో ఉండే శక్తి కంటే మూడోవంతు తక్కువ. కాబట్టి అదనంగా కలిసిన ఆ పది శాతం వల్ల మీలాంటి పాత బండికి నూటికి మూడు, మూడున్నర మైలేజీ పోతుంది. టైర్లు మార్చకపోయినా మీ పదకొండున్నర ఈపాటికి 11.1 దగ్గరికి దిగేది. అందులో మీ తప్పూ లేదు, బండి తప్పూ లేదు. ఏ థ్రాటిల్ బాడీ దాన్ని వెనక్కి తేలేదు.

ఆ 11.1కీ, మీ అసలు మైలేజీ 9.3కీ మధ్య ఇంకా మిగిలింది రమారమి 1.8. ఇది నిజంగా పోయిన మైలేజీ. ఇదెక్కడ పోయిందో వెతకాలి. ఇనప బంపరు, వించ్ కలిపి ఒక మనిషిని బానెట్ ముందు ఎప్పుడూ కూర్చోబెట్టుకుని తిరిగినట్టే. జిప్సీ బరువే టన్నుకి అటూ ఇటూ, దానికి ఈ బరువు ఎక్కువే. పైన క్యారియర్ గాలికి అడ్డం. మడ్ టైరు మీది పెద్ద గట్లు తారు రోడ్డు మీద ఎంత చప్పుడు చేస్తాయో అంత శక్తి తింటాయి. ఇవన్నీ మీరు కోరి పెట్టించుకున్నవే, అనుకున్న పని చేస్తున్నాయి. వాటికి కట్టే అద్దె అనుకోండి.

కానీ మీరు ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటేసిన సంగతి ఒకటుంది. "పోయినేడు ఇంజన్ హీటెక్కితే, మన వేడికి ఇది అక్కర్లేదని ఊళ్లో మెకానిక్ ఏదో చిన్న వాల్వు లాంటిది తీసేశాడు, అప్పట్నుంచి హీటు సమస్య లేదు" అన్నారు. ఆ చిన్న వాల్వు థర్మోస్టాట్. మన వైపు షెడ్లలో దాన్ని తీసి పారేయడం ఒక ఆచారంలా సాగుతోంది. అది లేకపోతే నీళ్లు మొదటి నిమిషం నుంచీ రేడియేటర్‌లో తిరుగుతూనే ఉంటాయి, ఇంజన్ తనకు కావలసిన వేడికి చేరదు. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తూ ఉంటుంది. పాతకాలం చోక్ కొంచెం లాగి వదిలేసినట్టన్నమాట. అదీ చలికాలంలో లంబసింగిలో! డిసెంబరు పొద్దున్నే దిగుడులో మీ టెంపరేచర్ ముల్లు కిందికి పడిపోతోందేమో చూడండి. ఇంకో పరీక్ష కూడా ఉంది. రాత్రంతా ఆగిన బండి స్టార్ట్ చేసి, రేడియేటర్ పైగొట్టం మీద చెయ్యి పెట్టండి. థర్మోస్టాట్ ఉంటే గొట్టం కొన్ని నిమిషాలు చల్లగానే ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కుతుంది. లేకపోతే మొదట్నుంచీ మెల్లగా గోరువెచ్చనవుతూ పోతుంది. ఫ్యాను దగ్గర చేతులు జాగ్రత్త.

ఇంకొకటి. బురదలోకి దిగేముందు టైర్లలో గాలి 18కి దించుతామని రాశారు, మంచి పద్ధతే. సోమవారం పొద్దున్న ఆఫీసుకి వెళ్లేటప్పుడు మళ్లీ కొట్టిస్తున్నారా? ఉత్తరంలో ఆ మాట లేదు. అందుకే అడుగుతున్నా.

ఇప్పుడు థ్రాటిల్ బాడీ దగ్గరికి వద్దాం.

మీరు ఎక్సలేటర్ తొక్కితే తెరుచుకునేది పెట్రోలు కాదు, గాలి. గాలి పైపు చివర అల్యూమినియం గొట్టం, అందులో ఒక చిన్న గుండ్రటి పలక. అదే బటర్‌ఫ్లై. అది ఎంత తెరుచుకుంటే అంత గాలి లోపలికి పోతుంది. లోపలున్న మ్యాప్ సెన్సర్ అక్కడి గాలి ఒత్తిడి చూసి చెబుతుంది, కంప్యూటర్ ఇంజన్ వేగాన్ని కూడా చూసుకుని దానికి తగ్గ పెట్రోలు పోస్తుంది. లెక్క తప్పితే సైలెన్సర్ గొట్టంలో ఉన్న ఆక్సిజన్ సెన్సర్ సరిదిద్దుతుంది. అంటే బండిని 50 వేగంతో నడిపించడానికి ఎంత గాలి కావాలో అంతే గాలి, ఎంత పెట్రోలు కావాలో అంతే పెట్రోలు. తలుపు చిన్నదైతే పావువంతు తెరుస్తారు, పెద్దదైతే అంతకంటే తక్కువ తెరుస్తారు. లోపలికి పోయేది ఒకటే. మైలేజీ పెరగడానికి ఇందులో దారే లేదు. మీ బావమరిది చెప్పిన పదిహేను శాతం అతను కావాలని చెప్పిన అబద్ధం అనుకోను, ఆ డబ్బాల మీద అలాగే రాస్తారు మరి.

పికప్ సంగతి కొంచెం వేరు. తలుపు పూర్తిగా తెరిచి, ఇంజన్ని గట్టిగా తిప్పినప్పుడు గొట్టం ఇరుకైతే అడ్డం వస్తుంది. మీది 1,298 సీసీ ఇంజన్. దాని 80 హార్స్‌పవర్ వచ్చేది నిమిషానికి 6,000 తిరుగుళ్ల దగ్గర. అక్కడ అది నిమిషానికి దాదాపు 3,900 లీటర్ల గాలి అడుగుతుంది. ఘాట్‌లో మీరు నడిపే 2,500 దగ్గర అడిగేది 1,600 లీటర్లే. 3,900 లీటర్ల కోసం కంపెనీ పెట్టిన తలుపు 1,600 లీటర్లకు ఇరుకవుతుందా? రెయిడ్ డి హిమాలయ లాంటి ర్యాలీల్లో జిప్సీలు ఏళ్ల తరబడి పరిగెత్తాయి. అలాంటి పోటీకి ఇంజన్ తయారు చేసేవాళ్లు థ్రాటిల్ కూడా పెంచితే అర్థం ఉంది. వాళ్లు క్యామ్‌షాఫ్ట్, హెడ్, సైలెన్సర్ అన్నీ మార్చి, ఇంజన్ని పైస్థాయిలోనే తిప్పుతారు. అన్నీ మార్చాక ఇక ఇరుకు తలుపు దగ్గరే మిగులుతుంది. మీకు ఇరుకు అక్కడ లేదు.

మరి ఎక్కడుంది? మళ్లీ టైరు దగ్గరే. చక్రం పది శాతం పెద్దదైతే గేర్లన్నీ ఆ మేరకు బరువెక్కినట్టు. ప్రతి గేర్‌లోనూ నేల మీద లాగే బలం నూటికి తొమ్మిది తగ్గిపోయింది. ఆపైన లంబసింగి ఎత్తు వెయ్యి మీటర్ల దరిదాపు. అక్కడి గాలి మన మైదానం గాలి కంటే పదోవంతు పలచన, కాబట్టి ఇంజన్ బలమూ ఆ మేరకు తగ్గుతుంది. కిందున్నప్పుడు ఈ రెండోది లేదు, ఎక్కేకొద్దీ రెండూ కలుస్తాయి. మీ థర్డ్ గేర్ ఎక్కడికి పోయిందో తెలిసిందిగా. బయటి గాలే పలచబడితే తలుపు ఎంత వెడల్పు చేసి ఏం లాభం?

అయినా పెట్టించుకున్నవాళ్లంతా "బండి లేస్తోంది" అంటారు, నిజాయితీగానే అంటారు. ఉదాహరణకి 46 మిల్లీమీటర్ల గొట్టాన్ని 50 చేస్తే వైశాల్యం 18 శాతం పెరుగుతుంది. కాలు ఇదివరకు తొక్కినంతే తొక్కితే గాలి ఎక్కువ పోతుంది, బండి ముందుకు దూకుతుంది. ఇదివరకు ఇంకొంచెం తొక్కితే వచ్చేదే ఇప్పుడు ముందే వచ్చింది, అంతే. కార్బ్యురేటర్ రోజుల్లో నేనూ నా పాత జీపుకి పెద్ద కార్బ్యురేటర్ పెట్టించి రెండు వారాలు గాల్లో తేలాను. మూడోవారం మా ఆవిడ, "ఇదివరకు మా పుట్టింటికి నలభై నిమిషాల్లో వెళ్లేవాళ్లం, ఇప్పుడూ నలభయ్యేగా?" అంది. జవాబు చెప్పలేకపోయాను. పెట్రోలు మాత్రం పెరిగింది.

మీకు ఇందులో ఇంకో చిక్కుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. రాళ్ల మీద, వాగులో బండిని పాకించేటప్పుడు కాలు వెంట్రుకవాసి కదిలించాలి. పెద్ద బటర్‌ఫ్లైకి ఆ మొదటి వెంట్రుకవాసిలోనే గాలి గుప్పున పోతుంది, బండి కుదుపుతుంది, జారే రాయి మీద చక్రం తిరిగిపోతుంది. ఆఫ్-రోడ్‌కి కావలసింది మెత్తటి కాలు. మీరు డబ్బిచ్చి దాన్ని పోగొట్టుకుంటారు.

బోరు పెంచడమన్నది లేత్ పని. గొట్టం గుండ్రం ఏమాత్రం తేడా వచ్చినా, కొత్త పలక అంచు సరిగా కూర్చోకపోయినా రెండు జరుగుతాయి. ఒకటి, మూసినా గాలి కారి ఐడ్లింగ్ పెరుగుతుంది, సిగ్నల్ దగ్గర ఇంజన్ ఊరికే గోల పెడుతుంది. దీంతో ప్రాణం పోదు. రెండోది, పలక తెరుచుకున్న చోట పట్టేస్తుంది. ఘాట్ దిగుతూ కాలు తీశాక కూడా ఇంజన్ లాగుతూనే ఉంటే ఏమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఒకవేళ పెట్టించడానికే నిర్ణయించుకుంటే మీ పాత బాడీని మాత్రం కోయనివ్వకండి. అది పక్కన దాచి, వేరే బాడీ మీద చేయమనండి. తిరిగి పాతది బిగించుకునే దారి ఉండాలి.

చట్టం మాట కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది సవరణలో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టారు. గొట్టం లోపలి పలకను దారిలో ఎవరూ కొలవరు, నిజమే. కానీ మీ ఇనప బంపరు, పొడుచుకొచ్చిన టైర్లు కళ్లకే కనపడతాయి. ఇలాంటి బంపర్ల మీద చర్య తీసుకోమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. 2027లో మీ బండికి పదిహేనేళ్లు నిండుతాయి, రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించాలి. అప్పుడు బండిని చూపించాలి, పొగ కొలవాలి. ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్లకు మీరు చెప్పని మార్పు ఒక సాకు. ఇవన్నీ తూచుకోండి.

ఇక మీ ముందున్న దారులు. పెట్టించడం ఒకటి. 34 వేలు పోతాయి, ఇంట్లో మాటలు మొదలవుతాయి, రెండు నెలలకు చీటీ రాసుకుంటే తేడా కనపడదు. అప్పుడు మీరు ఒక్క మాట అనకపోయినా బావమరిదికి మొహం చెల్లదు. ఏడాదిలో తిరిగొస్తుందన్న లెక్క పదిహేను శాతం మీద కట్టినది. పదిహేను శాతం నిజమైతే నెలకు 26 లీటర్లు, 2,860 రూపాయలు, పన్నెండు నెలల్లో నిజంగానే 34 వేలు. గుణకారం తప్పు కాదు, పునాదే లేదు. "చెయ్యను" అని తెగేసి చెప్పడం ఇంకో దారి. డబ్బు మిగులుతుంది, ముభావం ముదురుతుంది, బండి మాత్రం ఎక్కడిదక్కడే.

టైర్లు వెనక్కి మార్చడం మూడోది. బలం, మీటరు, మైలేజీలో కొంత, అన్నీ ఒకేసారి తిరిగొస్తాయి. పోయేది నేలకీ బండికీ మధ్య 33 మిల్లీమీటర్ల ఎత్తు. అది మీకు నెలకో ఆదివారం కావాలి, ఘాట్ వారానికి నాలుగు రోజులు. మనసొప్పకపోతే మధ్యేమార్గంగా 215/75 ఆర్15 ఉంది. పాతదానికంటే అయిదు శాతమే పెద్దది, ఎత్తు 18 మిల్లీమీటర్లు మిగులుతుంది. మడ్ టైర్లు కాకుండా, రోడ్డుకీ మట్టికీ పనికొచ్చే ఆల్ టెర్రెయిన్ రకం తీసుకుంటే చప్పుడూ తగ్గుతుంది. నేనైతే ఇదే చేస్తాను. కాకపోతే మంచి టైర్లు అరగకముందే తీసేయడానికి చెయ్యి రాదు, నాకు తెలుసు. అవి అరిగేదాకా ఆగి, ఈలోగా వించ్, క్యారియర్ విప్పి ఇంట్లో పెట్టి ఆదివారాలకు బిగించుకున్నా తప్పులేదు. ఎత్తు మీద జిప్సీని పై గేర్‌లో ఈడ్చకుండా, నామోషీ పడకుండా సెకండ్‌కి దించి తిప్పండి. ఆ ఇంజన్ లాగుడు బలం 4,500 తిరుగుళ్ల దగ్గర ఉంది, గట్టిగా తిప్పితేనే దానికి హాయి.

నాన్నగారి మాట కూడా కొట్టిపారేయకండి. రోజూ ఎక్కడానికి పాత చిన్న కారు ఒకటి, ఆదివారాలకు జిప్సీ అన్నది చాలామంది చివరికి చేరే చోటు. నెలకు 22 వేలు పెట్రోలు పోస్తున్నవాళ్లకు ఆ లెక్క గిట్టొచ్చు. అయితే రెండు బండ్లకు రెండు ఇన్సూరెన్సులు, ఇంటి ముందు రెండింటికీ చోటు. అది మీ ఇంటి సంగతి, నాకు తెలీదు.

ఇప్పుడు బావమరిది. మీరు అతణ్ణి మీ జేబుకి చిల్లు పెట్టేవాడిలా చూస్తున్నారని మీ ఉత్తరంలో వాసన తగిలింది. నాకలా అనిపించలేదు. వాళ్లమ్మ గాజులు బ్యాంకులో ఉన్నాయి. షెడ్డు ముందు నిలబెట్టి నలుగురికీ చూపించుకునే బండి ఒకటి కావాలి, అది బావ జిప్సీ అయితే బాగుంటుంది. అతను అడుగుతున్నది పని. థ్రాటిల్ బాడీ అతనికి తట్టిన పని, అంతే. మీ ఆవిడ కోపమూ పలక గురించి కాదు. ఊళ్లో మెకానిక్ ఏదో వాల్వు తీసేస్తానంటే ఒక్క ప్రశ్న కూడా అడగని మీరు, వాళ్ల తమ్ముడు ఒకటి పెడతానంటే వంద ప్రశ్నలు వేశారు. ఆవిడ స్థానంలో ఉంటే నాకూ మండేది.

కాబట్టి బండి తీసుకుని గాజువాక వెళ్లండి, కానీ వేరే పనుల చిట్టాతో. కొత్త థర్మోస్టాట్ వేయమనండి. అంతకుముందు ఇంజన్ అసలు ఎందుకు హీటెక్కిందో కనిపెట్టమనండి. రేడియేటర్ మూసుకుందో, ఫ్యాను సరిగా తిరగడం లేదో, ఆ జబ్బు ఇంకా లోపలే ఉంది, వాల్వు తీయడంతో దాక్కుంది. మామూలు ట్యూనింగ్ కంటే ఇది అసలైన మెకానిక్ పని. ఆక్సిజన్ సెన్సర్ రీడింగ్ చూడమనండి. నాలుగు చక్రాలూ జాకీ మీద లేపి చేత్తో తిప్పి, ఎక్కడైనా బ్రేకు పట్టేస్తోందేమో చూడమనండి, బురదలో తిరిగే బండ్లకు ఇది మామూలే. ఎయిర్ ఫిల్టర్ మార్చమనండి. మీలాంటి ఎంపీఎఫ్ఐ ఇంజన్‌కి, అంటే కంప్యూటర్ లెక్కతో పెట్రోలు పోసే ఇంజన్‌కి, మూసుకున్న ఫిల్టర్ వల్ల మైలేజీ పెద్దగా పోదు, పికప్ పోతుంది. చివరగా థ్రాటిల్ బాడీ విప్పి శుభ్రం చేయమనండి. పదమూడేళ్లు దాటిన బండిలో పలక చుట్టూ నల్లటి మసి వలయం కట్టి ఉంటుంది. క్లీనర్ స్ప్రే కొట్టి, మెత్తటి బ్రష్‌తో తుడిస్తే పోతుంది. పక్కనే ఉన్న ఐడ్లింగ్ వాల్వు కూడా. అతను కోరుకున్న పార్టు మీదే పని, కానీ ఫలితం వచ్చే పని.

విప్పినప్పుడే ఇంకో తమాషా చూడండి. ఇంజన్ ఆపి, తాళం తీసేసి, మీ ఆవిణ్ణి డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి ఎక్సలేటర్ అడుగంటా తొక్కమనండి. మీరూ బావమరిదీ ముందు నిలబడి గొట్టంలోకి చూడండి. పలక పూర్తిగా తిరిగి అంచు మాత్రమే కనపడాలి. పాత జిప్సీలకు ఎక్సలేటర్ తీగ సాగి, లేదా కింద మందపాటి మ్యాటు అడ్డం పడి, ముప్పావు వంతే తెరుచుకున్నవి నేను చూశాను. మీదీ అలా ఉంటే తీగ బిగించడమే మీకు దొరికే పెద్ద థ్రాటిల్ బాడీ.

కూలి దగ్గర మాత్రం బేరమాడకండి. అతను తగ్గిస్తానన్నా వద్దని పూర్తి డబ్బు ఇవ్వండి, బిల్లు రాయమనండి. చుట్టాలకు చవగ్గా చేసే షెడ్లు ఎక్కువ కాలం నిలబడవు.

అప్పటికీ అతనికి థ్రాటిల్ బాడీ మీద మనసుంటే కాదనకండి, పందెం పెట్టండి. ఈ పనులన్నీ అయ్యాక ఒక నెల చీటీ రాయండి. ఒకే బంకులో, గన్ను దానంతటది మొదటిసారి ఆగేదాకా ఫుల్ ట్యాంక్, దూరం జీపీఎస్‌తో. ఖాళీ రోడ్డు ఒకటి చూసుకుని థర్డ్ గేర్‌లో 30 నుంచి 60 అందుకోవడానికి ఎన్ని సెకండ్లో మీ ఆవిణ్ణి ఫోన్‌లో కొలవమనండి, అయిదుసార్లు. తర్వాత అతని దగ్గరున్న బాడీని ఒక నెల బిగించమనండి, అదే కొలత మళ్లీ. తేడా వస్తే 34 వేలు అతనివి, రాకపోతే పాతది బిగించి బిగింపు కూలి తీసుకుంటాడు. ఈ ఏర్పాటు ముందే, ముగ్గురూ ఉన్నప్పుడు చెప్పుకోండి. అప్పుడు కాదన్నది బావ అవ్వడు, గడియారం అవుతుంది.

ముందుగా రేపు పొద్దున్నే ఆ రేడియేటర్ గొట్టం పట్టుకుని చూసి, ఎలా ఉందో రాయండి. టైర్లలో గాలి ఎంతుందో కూడా.